‘సుమారు 53 శునకాలు’: జాతి, వ్యక్తి, ఆనృశంస్యం

2007లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఒక ఫెడరల్ న్యాయస్థానం ముందుకు ఒక వ్యాజ్యం వచ్చింది. వాది స్థానంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలు. ప్రతివాది స్థానంలో ‘సుమారు 53 పిట్‌బుల్ శునకాలు’. నేరంతో సంబంధమున్న ఆస్తిని రాజ్యం స్వాధీనం చేసుకొనే సందర్భంలో ఆ ఆస్తినే ప్రతివాదిగా పేర్కొనడం ఆ దేశపు న్యాయప్రక్రియలో పరిపాటి. అది ఓడ కావచ్చు, ధనం కావచ్చు, వాహనం కావచ్చు. కనుక ఆ శీర్షికలో పరిహాసమేమీ లేదు. అయినా ‘సుమారు’ అన్న పదం వద్ద విచారశీలుడు క్షణకాలం ఆగక తప్పదు. ప్రాణులను రాశిగా చూచే దృష్టికి వాటి సంఖ్య సైతం నిర్దిష్టంగా ఉండనక్కరలేదు.

ఆ శునకాల పూర్వగాథ దారుణమైనది. వర్జీనియాలోని సర్రీ కౌంటీలో, మైకేల్ విక్ అనే సుప్రసిద్ధ అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారునికి చెందిన స్థలంలో కుక్కల పందేల కోసం వాటిని పెంచారు. 2007 ఏప్రిల్‌లో అధికారులు ఆ స్థలాన్ని సోదా చేశారు. పందేనికి పనికిరావని తోచిన కుక్కలను ఉరివేసి, నీట ముంచి చంపిన వాస్తవం న్యాయస్థానం ఎదుటనే అంగీకృతమైంది. ఆ డిసెంబరులో విక్‌కు 23 నెలల కారాగారశిక్ష పడింది. మిగిలిన శునకాల పోషణకై అతడు సుమారు 9 లక్షల 28 వేల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. శిక్షాప్రకరణం అంతటితో ముగిసింది. తత్త్వవిచారానికి పనికివచ్చే ప్రకరణం ఆ తరువాతిది.

దానిలోకి ప్రవేశించే ముందు భారతేతిహాసంలోని ఒక ఘట్టాన్ని స్మరించడం సముచితం. నన్నయ ఆదిపర్వం చదివిన తెలుగువారికి సరమ వృత్తాంతం సుపరిచితమే. జనమేజయుడు దీర్ఘసత్రయాగం చేస్తున్న చోటికి సారమేయమనే కుక్కపిల్ల వస్తుంది. రాజు తమ్ముళ్లు ముగ్గురు దానిని కొట్టి తరుముతారు. ఏడుస్తూ వచ్చిన బిడ్డతో తల్లి సరమ, నీవేదో తప్పు చేసి ఉంటావని అన్నది. మూలభారతంలో ఆ పిల్ల సమాధానం స్పష్టంగా ఉన్నది: తాను హవిస్సును చూడనూ లేదు, నాకనూ లేదు. అప్పుడు సరమ రాజసభకు వెళ్లి, నిరపరాధిని ఎందుకు కొట్టారని ప్రశ్నిస్తుంది. సభలో ఎవరూ బదులు పలకరు. ఆ మౌనం అనంతరమే శాపం వెలువడుతుంది.

ఆ సోదరులు కొట్టినది ఈ కుక్కపిల్లనని చెప్పడం కన్న ‘కుక్క’ అనే భావనను కొట్టారని చెప్పడం సమంజసం. యజ్ఞశాలలోకి వచ్చిన కుక్క హవిస్సును ఎంగిలి చేస్తుందన్న సామాన్యనిశ్చయం వారి చేతులను కదిలించింది. ఎదుట నిలిచిన ప్రాణి ఆ పని చేసినదా లేదా అని చూడవలసిన అగత్యం వారికి కలుగలేదు. సరమ అడిగిన ప్రశ్నలోని బలమంతా ఇక్కడే ఉన్నది. కుక్కలన్నింటి తరఫున ఆమె వాదించలేదు. తన బిడ్డ ఏమి చేసినదని మాత్రమే అడిగింది.

వర్జీనియా శునకాల విషయంలో ఇదే సామాన్యనిశ్చయం మరింత గౌరవనీయమైన వేషంలో వచ్చింది. పందెంకుక్కలను స్వాధీనం చేసుకొన్న తరువాత వాటిని వధించడమే ఆనాటి ఆనవాయితీ. విశేషమేమంటే, ఈసారి కూడా అదే మేలని సూచించినవారిలో హ్యూమేన్ సొసైటీ, పెటా వంటి జంతుసంరక్షణ సంస్థలే ఉన్నాయి. వారిని క్రూరులనడం అన్యాయం. ఆశ్రయాలలో చోటు పరిమితం. ఏ నేరచరిత్రా లేని వేలాది కుక్కలు పోషకులు లేక అక్కడే మరణిస్తున్నాయి. పోరుకై పెంచిన కుక్క రేపొక శిశువును కరిస్తే బాధ్యులెవరు? ఈ ప్రశ్నలు ఉపేక్షింపదగినవి కావు. దోషం ప్రశ్నలలో లేదు, వాటి వెనుకనున్న అనుమానంలో ఉన్నది.

న్యాయశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఆ అనుమానం స్వరూపమిది: ‘ఈ శునకం క్రూరమైనది, పోరాటశాలలో పెరిగినది గనుక.’ ఈ హేతువు నిలవాలంటే, పోరాటశాలలో పెరిగిన ప్రతి శునకమూ క్రూరమైనదే అన్న వ్యాప్తి సిద్ధించాలి. ధూమమున్న చోటనెల్లా అగ్నిని చూచినవాడే పర్వతంపై పొగను చూచి నిప్పును ఊహించగలడు. ఇక్కడ ఆ భూయోదర్శనం ఎవరికున్నది? అటువంటి శునకాలను ఎన్నడూ బ్రతకనీయలేదు. బ్రతికిన తరువాత ఎలా ఉంటాయో చూడలేదు. చూడనందున వ్యాప్తి భంగం కాలేదు. భంగం కానందున అది సత్యమని నమ్మారు. ఇంతకంటె భద్రమైన భ్రాంతి మరొకటి ఉండదు.

ఈ వలయాన్ని ఛేదించినది ఒక సాధారణమైన చర్య. 2007లోనే న్యాయస్థానం అనుమతితో, జంతుప్రవర్తన తెలిసిన నిపుణులు శునకాలను ఒక్కొక్కదానిని వేరుగా పరీక్షించారు. మనిషి దగ్గరకు వస్తే ఏమి చేస్తుంది? పాత్రలోని ఆహారాన్ని కదిలిస్తే? పసిబిడ్డ పరిమాణంలోని బొమ్మను చూపితే? మరొక కుక్క ఎదురైతే? అలా 49 శునకాలను చూచారు. క్రౌర్యకారణంగా బ్రతికించరానిదని తేలినది ఒక్కటి. మరొకటి వ్యాధిగ్రస్తమై ఉన్నందున దానికి మరణం ప్రసాదించారు. మిగిలిన 47 శునకాలను న్యాయస్థానం నియమించిన ఒక న్యాయశాస్త్ర ఆచార్యురాలి పర్యవేక్షణలో వేర్వేరు సంరక్షణ సంస్థలకు అప్పగించారు. పరీక్షకులకు అధికంగా కనబడినది క్రౌర్యం కాదు, భీతి. కొన్ని మనిషి అడుగుల చప్పుడు వినబడగానే నేలకు అతుక్కొని, కళ్లు తిప్పుకొని, కదలక పడి ఉండేవి. ‘సుమారు’ అన్న పదం అక్కడ చెరిగిపోయి, ఒక్కొక్క ప్రాణికి ఒక్కొక్క పేరు వచ్చింది.

ఆ పేర్లలో లియో ఒకటి. కాలిఫోర్నియాకు చేరిన ఈ శునకం కొద్ది వారాల శిక్షణలోనే ‘థెరపీ డాగ్’ అర్హత సాధించి, క్యాన్సర్ చికిత్స పొందుతున్న రోగుల వద్దకు వెళ్లేది. 2011లో మరణించే వరకు అదే దాని వృత్తి. జానీ జస్టిస్ మరొకటి. చదవడంలో తడబడే పిల్లలు గ్రంథాలయంలో దాని ప్రక్కన కూర్చొని బిగ్గరగా చదివేవారు. 2014లో ఒక జాతీయ జంతుసంరక్షణ సంస్థ దానికి ఆ సంవత్సరపు శునకపురస్కారం ఇచ్చింది. వక్షస్థలంపై పందెపు మచ్చలతోనే మిన్నెసోటాకు వెళ్లిన హెక్టర్ కూడా ఇదే మార్గం పట్టింది.

ఇటువంటి చికిత్సా శునకం చేసే పనిని యథాతథంగా గ్రహించాలి. అది అంధులను నడిపించే మార్గదర్శక శునకం వంటిది కాదు. ప్రత్యేకకార్యం ఏదీ చేయదు. రోగి శయ్య ప్రక్కన నిలుస్తుంది, లేదా కూర్చుంటుంది. స్పృశించనిస్తుంది. చక్రాల కుర్చీ శబ్దం, హఠాత్తుగా వినబడే కేక, మందుల వాసన, అపరిచితుని వణికే చేయి — వీటి మధ్య చలించకుండా ఉండగలదా అన్నదే పరీక్ష. గ్రంథాలయంలో పిల్లవాడు ఒక పదాన్ని తప్పుగా పలికితే కుక్క సరిదిద్దదు, నిట్టూర్చదు, గడియారం చూడదు. ఆ పిల్లవానికి కావలసినది సరిగ్గా అదే. దానిని తీసుకువెళ్లే మనిషికి సైతం ఒక ధర్మమున్నది. కుక్క పదేపదే ఆవులించినా, పెదవులు నాకుకొన్నా, ముఖం ప్రక్కకు తిప్పుకొన్నా అది అలసినదని గ్రహించి వెనుకకు తీసుకుపోవాలి. ఇష్టం లేని శునకంతో చికిత్స చేయించడం మరొక రూపంలో పందెం ఆడించడమే అవుతుంది.

(ఈ సేవ తొలిచరిత్రలోనూ దొరికిన కుక్కయే ఉండటం గమనార్హం. రెండవ ప్రపంచయుద్ధకాలంలో, 1944లో న్యూగినీ అరణ్యంలోని ఒక పాడుబడ్డ కందకంలో అమెరికన్ సైనికులకు దొరికిన స్మోకీ అనే బుల్లి యార్క్‌షైర్ టెరియర్, ఆసుపత్రిలో గాయపడిన సైనికుల నడుమ తిరిగేది. తొలి చికిత్సా శునకంగా దానినే పేర్కొనేవారు అనేకులు.)

లియో వంటి శునకాల కథను చెప్పేవారు సాధారణంగా ‘క్షమ’ అన్న పదాన్ని వాడతారు. మనుష్యులు హింసించినా అది మనుష్యులను క్షమించినదట. వినడానికి ఇంపుగా ఉన్నా ఈ వ్యాఖ్య అంగీకారయోగ్యం కాదు. క్షమ అంటే అపరాధాన్ని అపరాధంగా గుర్తించి, ప్రతీకారశక్తి ఉండీ విడిచిపెట్టడం. దానిని శునకంపై ఆరోపించడం వలన హింసించిన జాతికి సులభంగా పాపవిముక్తి లభిస్తుంది. ఆ సౌలభ్యమే ఈ వ్యాఖ్యకున్న ఆకర్షణ. జరిగినది సంస్కారపరిణామం. భయానుభవం చిత్తంలో ఒక ముద్ర వేస్తుంది. దానికి విరుద్ధమైన అనుభవం — కొట్టని చేయి, వేళకు వచ్చే భోజనం, ఎవరూ అరవని రాత్రి — పదేపదే కలిగితే మరొక ముద్ర ఏర్పడుతుంది. మొదటిది నశించినదో, అణగినదో చెప్పడం యోగశాస్త్రజ్ఞులకే కష్టం. ఆ అభ్యాసం చేయించినవారు వారాలు, కొన్ని సందర్భాలలో ఏళ్లు వెచ్చించారు. కీర్తిలో వారి శ్రమ వాటా ‘క్షమ’ అన్న ఒక్క మాటలో మాయమవుతుంది.

మరొక వ్యాఖ్య మన వాఙ్మయపరిచయం ఉన్నవారి నుండే వస్తుంది: ఆ శునకాలు పూర్వకర్మను అనుభవించాయని. కర్మసిద్ధాంతానికి ఇంతకు మించిన అపచారం లేదు. తన చర్యకు తానే బాధ్యుడనని మనిషికి తెలిపే సిద్ధాంతమది. ఎదుటి ప్రాణి బాధకు కారణపత్రం వ్రాసి చేతులు దులుపుకొనడానికి అది సాధనం కాదు. ఉరిత్రాడు పట్టుకొన్నవాని కర్మను గూర్చి మాట్లాడని నోరు, ఉరికి వ్రేలాడిన కుక్క కర్మను గూర్చి మాట్లాడటం విపరీతం.

లియో, జానీ, హెక్టర్‌ల వలన పూర్వోక్త వ్యాప్తి భగ్నమైనది. ఒక్క వ్యభిచారస్థలం చాలు, హేతువు హేత్వాభాసమవుతుంది. ఫలితం ఆచరణలోనూ కనబడింది. 2009 ఆరంభంలో నార్త్ కరోలినాలోని విల్క్స్ కౌంటీలో పందెపు స్థావరం నుండి పట్టుకొన్న వందకు పైగా కుక్కలను, కూనలతో సహా, విడివిడిగా పరీక్షింపకుండానే వధించారు. అప్పుడు చెలరేగిన నిరసన ఫలితంగా హ్యూమేన్ సొసైటీ తన పూర్వవిధానాన్ని మార్చుకొని, పోరాటశాలల శునకాలను సైతం ఒక్కొక్కటిగా పరిశీలించాలని అంగీకరించింది. వర్జీనియా ఉదాహరణ లేకుంటే ఆ నిరసనకు ఆధారమే ఉండేది కాదు.

అయితే ఇక్కడే ఒక సూక్ష్మమైన ప్రమాదం పొంచి ఉన్నది. చికిత్సా శునకం కథ ఎంతగా వ్యాపిస్తే అంతగా మరొక భావం స్థిరపడుతుంది: బ్రతికించినందుకు అది సేవ చేసి ఋణం తీర్చుకొన్నదని, సేవ చేసినది గనుకనే బ్రతికించడం సార్థకమైనదని. పనికిరాని కుక్కను చంపిన పందెగాని లెక్కకూ ఈ లెక్కకూ ఎంత దూరం? ఉపయోగం మారింది, ఉపయోగమే ప్రమాణమన్న నియమం మారలేదు. ఆ 47లో చికిత్సా శునకాలైనవి కొన్నే. 22 శునకాలు యూటా రాష్ట్రంలోని బెస్ట్ ఫ్రెండ్స్ సంస్థ ఆశ్రయానికి వెళ్లాయి. వాటిలో లూకస్, మెరిల్ అనే రెండింటిని ఎవరికీ దత్తత ఇవ్వరాదని, ఆజన్మాంతం అక్కడే ఉంచాలని న్యాయస్థానం ఆదేశించింది. ఏ రోగీ వాటి తల నిమరలేదు. ఏ బాలుడూ వాటికి పుస్తకం చదివి వినిపించలేదు. వాటి రక్షణ అసంపూర్ణమైన రక్షణ అని ఎవరనగలరు?

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడచిన శునకం మార్గమంతా ఏమి చేసింది? వేటాడలేదు, కాపలా కాయలేదు, పడిపోయిన ద్రౌపదినీ సోదరులనూ లేపలేదు. వెంట వచ్చింది, అంతే. రథం తెచ్చిన ఇంద్రుడు దానిని విడిచిపెట్టమన్నప్పుడు ధర్మరాజు దాని సేవలను ఏకరువు పెట్టి వాదించలేదు. ఆశ్రయించినదానిని త్యజించననడానికి అతనికి ఆనృశంస్యం ఒక్కటే కారణం. అది ధర్మదేవతయేనని తరువాత వెల్లడయినందున ప్రవచనాలలో ఆ రహస్యమే ప్రధానమై కూర్చుంటుంది. స్వర్గాన్ని నిరాకరించిన క్షణంలో ధర్మరాజుకు ఆ రహస్యం తెలియదు. అతడు నిలిచినది వట్టి కుక్క కోసం.

వర్జీనియా శునకాలలో చిట్టచివరిది ఫ్రోడో. ఏళ్ల తరబడి దాని పేరు లియో వలె ఆసుపత్రులతోనో, జానీ వలె గ్రంథాలయాలతోనో ముడిపడలేదు. కాలిఫోర్నియాలో ఒక కుటుంబం దానిని తమతో ఉంచుకొన్నది. పోరాటశాల నుండి బయటపడిన పద్నాలుగేళ్లకు, 2021 డిసెంబరులో, వృద్ధాప్యంలో అది కన్నుమూసింది.