మార్కుతో పాటు పేపర్‌నూ చూడండి



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు చూసి, "మొదటి యూనిట్ టెస్ట్‌లో 25కి 21, ఇప్పుడు 18. ఎందుకు తగ్గాయి మేడమ్?" అని అడిగారు. పక్కనే పాప తల దించుకుంది. రెండో పేపర్ సెట్ చేసింది నేనే. అది బాగా కష్టంగా వచ్చింది. ఆ మాట అప్పుడే చెప్పలేకపోయాను.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య గోల్ఫ్ నేర్చుకుంటున్నాడు. ఫోన్‌లో స్కోరు చెప్పినప్పుడల్లా ఏ కోర్సులో ఆడాడో కూడా చెబుతాడు. ఎందుకో అడిగితే తెలిసింది. గోల్ఫ్‌లో ఎంత తక్కువ షాట్లు కొడితే అంత బాగా ఆడినట్టు. కానీ అన్ని కోర్సులూ ఒకేలా ఉండవు కదా! అందుకే ప్రతి కోర్సుకూ ముందే రెండు అంకెలు ఇస్తారు. ఆరితేరిన ఆటగాడికి అక్కడ ఎన్ని షాట్లు పట్టొచ్చో చెప్పేది కోర్స్ రేటింగ్. ఆ ఆటగాడితో పోలిస్తే మామూలు ఆటగాడికి అక్కడ ఎంత కష్టమో చెప్పేది స్లోప్ రేటింగ్. ఇది 55 నుంచి 155 వరకు ఉంటుంది. 113ను ప్రామాణికంగా తీసుకుంటారు.

ఒక లెక్క చూడండి. రేటింగ్ 69, స్లోప్ 113 ఉన్న కోర్సులో 90 షాట్లు కొడితే తేడా 21. అదే మనిషి రేటింగ్ 73, స్లోప్ 135 ఉన్న కోర్సులో 95 కొడితే తేడా 22. దాన్ని 113తో గుణించి 135తో భాగిస్తే 18.4. అంటే 95 కొట్టిన రోజే బాగా ఆడినట్టు! పైగా 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ ఒక్క రోజు ఆటను చూసి తేల్చేయదు. ఇలా సరిచేసిన చివరి 20 ఫలితాల్లో మెరుగైన 8 తీసుకుని సగటు కడుతుంది.

మనకూ ఇది కొత్తేమీ కాదు. జేఈఈ మెయిన్‌లో వేర్వేరు షిఫ్టుల పేపర్లకు నార్మలైజేషన్ చేస్తారు. ఆ న్యాయం ఎనిమిదో తరగతి పిల్లలకు ఎందుకు ఉండకూడదు?

"అప్పుడు ప్రతి పిల్లాడూ పేపర్ కష్టమని తప్పించుకుంటాడు" అనొచ్చు మీరు. నిజమే. కానీ కోర్సు ఎంత కష్టమో చెప్పేది ఆటగాడు కాదు, శిక్షణ పొందిన బృందం వచ్చి కొలిచి చెబుతుంది. స్కూల్లో ఆ బాధ్యత మాది. ఇకపై నా ప్రతి టెస్ట్ మార్కు పక్కన క్లాసు సగటు కూడా రాసి పంపుతాను.

ఆ పాపకు 21 వచ్చినప్పుడు క్లాసు సగటు 19. 18 వచ్చినప్పుడు 13. పాప వెనకబడలేదు, ముందుకెళ్లింది. ఆ రోజు ఇంటికెళ్లాక తిట్లు తినే ఉంటుంది.

"ఎన్నొచ్చాయి?" అని తప్పకుండా అడగండి. దాంతోపాటు "పేపర్ ఎలా వచ్చింది?" అని కూడా అడగండి.

– మీ 8వ తరగతి మ్యాథ్స్ టీచర్