‘ఈ కోర్సే ఎందుకు?’ ముందు ఇంట్లో అడగండి



ఇంటర్ తర్వాత మన పిల్లల్లో చాలామందికి ఇంటర్వ్యూ అనేదే ఉండదు. ఈఏపీసెట్ అయినా, జేఈఈ అయినా ర్యాంకు వస్తుంది, ఆప్షన్లు పెడతాం, కంప్యూటర్ సీటు కేటాయిస్తుంది. “ఈ కోర్సే ఎందుకు?” అని ఎవరూ అడగరు. మన పిల్లలకు అసలు నష్టం అక్కడే జరుగుతోందని నా అభిప్రాయం.

అడిగే సంస్థలు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బీటెక్‌తో పాటు పరిశోధన ఎంఎస్ కలిసిన ఐదేళ్ల కోర్సు ఉంది. దానికి యూజీఈఈ రాసి, అందులో నెగ్గినవారు ఇంటర్వ్యూకు వెళ్లాలి. ఇండోర్ ఐఐఎంలో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల ఐపీఎం కోర్సుకూ రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది.

ఇలాంటి చోట్ల బట్టీ పట్టిన జవాబు రెండో ప్రశ్నకే తేలిపోతుంది. “నాకు కంప్యూటర్స్ ఇష్టం” అంటే, “అందులో ఏది ఇష్టం? సొంతంగా ఏం చేసి చూశావు?” అని అడుగుతారు. అందుకే పరీక్షకు నెల ముందు డబ్బు కట్టి మాక్ ఇంటర్వ్యూలు చేయించడం కంటే, పిల్లలు తమ మాటల్లో ఆలోచన చెప్పడం ఇంట్లో అలవాటు చేయడం మేలు.

ఇంటర్వ్యూ లేని పిల్లలకు ఈ ప్రశ్న ఇంకా అవసరం. ఆప్షన్ల జాబితాను కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది. మీ ర్యాంకుకు, రిజర్వేషన్‌కు అందే మొదటి సీటు ఇచ్చేస్తుంది. అంటే మీరు పెట్టిన వరుసే మీ పిల్లల జవాబు. ఆ వరుసను నాన్నగారో, మేనమామో, నెట్ సెంటర్ అబ్బాయో పెడితే, ఆ జవాబు పిల్లలది కాదు.

ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల జోసా కౌన్సెలింగ్‌లో మరో మెలిక ఉంది. సీటు వచ్చాక ఇదే చాలనుకుంటే ఫ్రీజ్. ఇదే సంస్థలో పై ఆప్షన్‌లోని బ్రాంచి కావాలంటే స్లైడ్. ఏ సంస్థలోనైనా పై ఆప్షన్ వస్తే వెళ్తామంటే ఫ్లోట్. ఫ్లోట్ పెట్టి పై సీటు వస్తే, చేతిలో ఉన్నది పోతుంది. కాబట్టి నిజంగా ఎక్కువ ఇష్టమైనదే పైన ఉండాలి.

కాలేజీని చూసేటప్పుడు హోర్డింగ్‌తో ఆగకండి. న్యాక్ గుర్తింపు మొత్తం కాలేజీకి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తారు. మీ అమ్మాయి చేరే బ్రాంచికి అది ఉందా అని చూడండి. సీఎస్ఈ, సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్ మధ్య ఊగుతుంటే, ఆ కాలేజీ సెమిస్టర్లవారీ సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చదవండి. ఎన్ని సబ్జెక్టులు వేరో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత ఇంట్లోనే ఒక చిన్న ఇంటర్వ్యూ పెట్టండి. మూడు ప్రశ్నలు చాలు:

1. ఈ కోర్సులో మొదటి రెండేళ్లు ఏమేం చదవాలి?

2. ఈ కాలేజీలో ఈ బ్రాంచి రాకపోతే కాలేజీ మారతావా, బ్రాంచి మారతావా?

3. ఎవరూ ఏమీ అనుకోరంటే, నువ్వు ఏం చదువుతావు?

షరతు ఒక్కటే. మధ్యలో మీరు జవాబు అందించకూడదు. మూడో ప్రశ్నకు మీకు నచ్చని జవాబు రావచ్చు. లా అనవచ్చు, డిజైన్ అనవచ్చు, బీఎస్సీ మ్యాథ్స్ అనవచ్చు. ఆ రోజు వాదించకండి. ఆ కోర్సు ఎక్కడ ఉంది, ఎలా చేరాలి, ఎంత ఖర్చవుతుంది, చదివాక ఏం చేయవచ్చు, ఇవన్నీ వారినే వారం రోజుల్లో తెలుసుకుని రమ్మనండి. మీరు ఎంతవరకు ఫీజు కట్టగలరో, లోన్ తీసుకోవాల్సి వస్తుందో కూడా దాచకుండా చెప్పండి. ఇంటి పరిస్థితి తెలిసిన పిల్లలు బాధ్యతగానే ఆలోచిస్తారు.

మన అనుభవం వారికి కావాలి, కాదనను. ఫలానా బ్రాంచికి ఉద్యోగాలు ఎలా ఉన్నాయో చెప్పడం మన పనే. కానీ నాలుగేళ్లు ఆ క్లాసుల్లో కూర్చునేది, ల్యాబ్ రికార్డులు రాసేది, బ్యాక్‌లాగ్ వస్తే మళ్లీ పరీక్ష రాసేది వాళ్లు. తాను ఎంచుకున్న కోర్సులో కష్టం వస్తే నిలబడి చదువుతారు. మనం ఎంచిన దానిలో వస్తే, “మీరే చేర్చారుగా” అంటారు.

ఆప్షన్లు పెట్టడానికి దొరికేది కొద్ది రోజులే. ఆ హడావుడిలో ఈ మాటలు కుదరవు. మీ పిల్లలు తొమ్మిదిలో ఉన్నా, ఇంటర్‌లో ఉన్నా, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.