మూతి వంకర పోతే మూడు రోజులే గడువు

ఈ వారం వంట కబుర్లు కాస్త పక్కన పెడదాం అక్కలూ, చెల్లెళ్ళూ! మా తోడికోడలి సంగతి చెబుతాను. మీలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

మొన్న మాఘమాసంలో ఓ పొద్దున నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్కనుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడి వైపుకి లాగేసి ఉంది, ఎడమ కన్ను మూతపడటం లేదు. "అక్కా, నాకు పక్షవాతం వచ్చేసింది" అని ఒకటే ఏడుపు. మా అత్తగారేమో చల్లగాలి తగిలిందనీ, పసరు వేయించి వారం చూద్దామనీ అన్నారు. నాకు మా పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ ఇలాగే నెల రోజులు పసర్లతో గడిపింది. ఇప్పటికీ నవ్వాలంటే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. అందుకే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ నుదురు ముడవమన్నారు. ఎడమ పక్క ముడత పడలేదు. చేతులెత్తించారు, మాట్లాడించారు, చెవిలో చూశారు. "ఇది మెదడుకొచ్చిన పక్షవాతం కాదమ్మా, మొహానికెళ్ళే నరం వాచింది. బెల్స్ పాల్సీ అంటారు" అన్నారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మాత్రలు పది రోజులకి రాశారు. 72 గంటల్లోపు మొదలెడితేనే మంచి గుణమట. తనకి షుగరుంది కనుక రోజూ పరీక్ష చేయించుకోమన్నారు. స్టిరాయిడ్ షుగరుని పెంచుతుంది, అందుకే దుకాణంలో అడిగి సొంతంగా వాడకూడదు.

మరి వైరస్ మందో? అదొక్కటే వాడితే లాభం లేదు. స్టిరాయిడ్‌తో కలిపి కొందరికి ఇస్తారు. చెవిలో నీటిపొక్కులుంటే మాత్రం అది వేరే జబ్బు, దానికి వైరస్ మందు కావాలి. 2007లో స్కాట్లండు డాక్టర్లు చేసిన పరీక్ష గురించి మా అమ్మాయి చదివి చెప్పింది. తొమ్మిది నెలలకి స్టిరాయిడ్ వాడినవారిలో నూటికి 94 మందికి, వాడనివారిలో 82 మందికి పూర్తిగా నయమైందట.

ఇంట్లో మన పని కన్ను కాపాడటం. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు వేసి, రెప్ప మూసి ప్లాస్టరు అంటించాలి. లేకపోతే ఎండిపోయి కంటికి పుండు పడుతుంది. అన్నం బుగ్గలో ఇరుక్కుంటుంది కనుక మెత్తగా కలిపి పెట్టి, తిన్నాక నోరు కడిగించాలి.

మూడో వారంలో మా తోడికోడలి కనుబొమ్మ కదిలింది. ఇప్పుడు హాయిగా నవ్వుతోంది.

ఒక్క మాట మరిచిపోకండి. మూతితోపాటు చెయ్యిగానీ కాలుగానీ పడిపోయినా, మాట తడబడినా గంట కూడా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

వచ్చే వారం మాగాయతో కలుద్దాం!