క్షిపణి ఉంటే చాలదు, ముందు కన్ను కావాలి

2022 జనవరి 17న అబుదాబిలోని ముసఫ్ఫాలో చమురు ట్యాంకర్లు పేలాయి. దాడి చేసింది తామేనని యెమెన్ హౌతీలు ప్రకటించారు. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్థానీ. నిజామాబాద్, కరీంనగర్, కడప, హైదరాబాద్ పాతబస్తీల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎంతోమంది. అందుకే గగనతల రక్షణ అనేది మన ఇళ్లకూ సంబంధించిన విషయమే.

ఈ మాట రాగానే అందరూ క్షిపణుల గురించే మాట్లాడతారు. కానీ వాటికి దారి చూపేది రాడార్. అది చూడకపోతే ఎంత ఖరీదైన క్షిపణి అయినా ట్రక్కు మీదే ఉండిపోతుంది.

2019 సెప్టెంబర్ 14న సౌదీలో జరిగింది ఇదే. అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు పడ్డాయి. రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆగిపోయింది. అంటే సౌదీ ఉత్పత్తిలో దాదాపు సగం. సౌదీ దగ్గర అమెరికా పేట్రియాట్ వ్యవస్థ లేక కాదు. ఆ రాడార్ ఒకేసారి చూసేది ఒక దిక్కునే, సుమారు 120 డిగ్రీల మేర. యెమెన్ ఉన్నది దక్షిణాన. దాడి మాత్రం ఉత్తరం నుంచి వచ్చిందని సౌదీ ప్రభుత్వమే చెప్పింది. పైగా వచ్చినవి చాలా తక్కువ ఎత్తులో ఎగిరాయి.

తక్కువ ఎత్తు అంటే ఎందుకంత కష్టం? భూమి గుండ్రంగా ఉంది, రాడార్ కిరణం దాదాపు సూటిగా పోతుంది. 10 మీటర్ల ఎత్తున్న రాడార్‌కు, 50 మీటర్ల ఎత్తులో వచ్చే వస్తువు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోకి వస్తే గానీ కనపడదు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రూయిజ్ క్షిపణి అయితే సిబ్బందికి మిగిలేది 3 నిమిషాలే.

అందుకే ఇప్పుడు చాలా దేశాలు ట్రక్కు మీద తిరిగే బహుళ ప్రయోజన రాడార్ల వైపు చూస్తున్నాయి. స్వీడన్ కంపెనీ సాబ్ తయారుచేసే జిరాఫీ ఏఎంబీ ఒక ఉదాహరణ. పేరుకు తగ్గట్టే పొడవైన స్తంభం మీద యాంటెనా ఉంటుంది. సెకనుకు ఒకసారి చుట్టూ తిరిగి విమానాన్ని, డ్రోన్‌ను, ఫిరంగి గుండును కూడా పట్టుకుంటుంది. ఇక కదలడం ఎందుకంటే, రాడార్ పంపే తరంగాలను పట్టుకుని దాని మీదికే వచ్చే క్షిపణులు ఉన్నాయి. ఒకేచోట ఉంటే దానికే ప్రమాదం.

మన దేశమూ ఈ దారిలోనే ఉంది. తక్కువ ఎత్తులో వచ్చేవాటిని పసిగట్టే 'అశ్విని' రాడార్ల కోసం రక్షణ శాఖ 2025 మార్చిలో భారత్ ఎలక్ట్రానిక్స్‌తో రూ.2,906 కోట్ల ఒప్పందం చేసుకుంది. వీటిని రూపొందించింది డీఆర్‌డీఓ.

ఇంత ఖర్చు అవసరమా అనే ప్రశ్న న్యాయమైనదే. లెక్క చూద్దాం. ఒక పేట్రియాట్ క్షిపణి ధర దాదాపు 40 లక్షల డాలర్లు. షాహెద్ లాంటి డ్రోన్ ధర కొన్ని పదుల వేల డాలర్లు. శత్రువు ముందుగానే కనిపిస్తే తుపాకీతోనో, సిగ్నల్ జామ్ చేసో పడగొట్టవచ్చు. ఆలస్యంగా కనిపిస్తే ఖరీదైన క్షిపణే దిక్కు. అలా చూస్తే రాడార్ మీద పెట్టేది పొదుపే.

అయితే రాడార్ యుద్ధాన్ని ఆపదు. కింద పనిచేసుకునే కూలీకి తలదాచుకోవడానికి కొన్ని నిమిషాలు ఇస్తుంది, అంతే. ఆ హెచ్చరిక కార్మికుల క్యాంపుల దాకా చేరుతోందా లేదా అని గల్ఫ్ ప్రభుత్వాలను మన రాయబార కార్యాలయాలు అడగాలి.