గట్టు రోడ్లూ లెక్కలోకి రావాలి

మన కోనసీమలో చాలాచోట్ల రోడ్డంటే కాలువ గట్టే. కొత్తపేట వైపైనా, రాజోలు వైపైనా ఒక పక్క నీళ్లు, మరో పక్క ఇళ్లు. మధ్యలో కొబ్బరి లారీలు, స్కూలు ఆటోలు.

రోడ్డు మరణాలు తగ్గించే ప్రణాళికలు మొదట చూసేది బ్లాక్‌స్పాట్లనే. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల మేర 3 ఏళ్లలో 5 తీవ్ర ప్రమాదాలో, 10 మరణాలో నమోదైతేనే ఆ పేరు. 216వ నంబరు రహదారికి ఆ కొలత సరిపోతుందేమో. మలుపుకొకరు చొప్పున ప్రాణాలు పోయే గట్టు రోడ్లకు సరిపోదు. ప్రమాదాలు పోగుపడేదాకా ఆగే లెక్క న్యాయం కాదు. రెయిలింగు, దీపం, హెచ్చరిక బోర్డు ముందే కావాలి.

ఈలోగా ప్రమాదం జరిగితే సాయం చేయండి. క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణగా ఉంది, భయపడి ఆగిపోకండి. మీ ఊళ్లోని ప్రమాదకర మలుపులపై గ్రామసభలో తీర్మానం చేయించి, అమలాపురం కలెక్టరేట్‌కు పంపండి.