బండి నచ్చింది, మిస్త్రీ నచ్చలేదు



ఈసారి కొంచెం గుస్సాలో రాస్తున్న. ఎవరికన్నా తగిలితే మాఫ్ చేయండి. కాకపోతే తగలాలనే రాస్తున్న.

పోయిన నెల ఎల్లారెడ్డిలో ఒకరింటికి రిష్తా మాట పట్టుకొని పోయిన. అబ్బాజాన్ వదిలిపోయిన రాజ్‌దూత్ 350 మీదనే పోయిన. ఇంటి ముందు బండి ఆగంగనే అమ్మాయి తండ్రి చెప్పులు కూడా తొడుక్కోకుండ బయటికొచ్చిండు. చుట్టూ తిరిగి చూసిండు. "మాస్టర్ సాబ్, ఒక్కసారి స్టార్ట్ చేయండి" అన్నడు. ఒక్క కిక్కుకే అందుకుంది. తల పక్కకు వంచి ఆ చప్పుడు విన్నడు. "మాషా అల్లా! ఎవరు చేసిండ్రు ఈ పని? హైదరాబాదులనా?"

"కామారెడ్డిలనే. నేను మాట తెచ్చింది ఆ పిల్లగాని గురించే" అన్న.

మొఖం మారింది. మర్యాద తప్పలేదు. లోపలికి పిలిచిండు, చాయ్ తాపిండు. చివరికి మెల్లగా అన్నడు: "లడ్కా అచ్ఛాఇచ్ హోంగా. మగర్ మిస్త్రీ హై నా, మాస్టర్ సాబ్. ఖాందాన్‌ల ఏం చెప్పుకోవాలె?" నేను లేవబోతుంటే ఇంకో మాట కూడా అన్నడు: "బాహర్ జాతా తో సోచ్ సక్తే." బయటి దేశం పోతే ఆలోచిస్తరట.

బండి నచ్చింది. దానికి జాన్ పోసిన చేతులు మాత్రం నచ్చలేదు. ఆ చేతులు ఏం చేసినయో ముందు చెప్త. తర్వాత మీరే ఇన్సాఫ్ చేయండి.

రాజ్‌దూత్ 350 అంటే పేరు మనది, పుట్టుక జపాన్‌ది. యమహా కంపెనీ ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి మన దేశంలో తయారు చేసిండ్రు. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. మొదట వచ్చిన 'హై టార్క్' బండికి 30.5 హార్స్ పవర్, తర్వాత వచ్చిన 'లో టార్క్'కు 27. పెట్రోలు బాగా తాగుతుందని మనోళ్లు దాన్ని పెద్దగా కొనలేదు. 1980లు అయిపోయే సరికి దాని తయారీ కూడా అయిపోయింది. ఇప్పుడు అదే బండి కోసం షౌకీన్లు లక్షలు పట్టుకొని తిరుగుతున్నరు.

మా అబ్బాజాన్ దాన్ని సెకండ్ హ్యాండ్‌ల కొన్నడు. ఆయన ఇంతెకాల్ తర్వాత ఏండ్లకేండ్లు వరండాలనే ఉంది. తీసినప్పుడల్లా మూడు బీమారీలు: తెల్లటి పొగ, జారే క్లచ్, ఎక్సలేటర్ ఇయ్యంగనే రెండో గేరు నుంచి బయటికి దూకుడు. నేను చూపించిన ఇద్దరు మిస్త్రీలు పొగ చూసి పిస్టన్ రింగులు మార్చిండ్రు. పైసలు పోయినయి, పొగ పోలేదు.

కామారెడ్డి షెడ్డుల ఈ పిల్లగాడు రింగుల జోలికే పోలేదు. ముందు గేర్‌బాక్సు ఆయిల్ కొలిచిండు. తక్కువుంది. కిందెక్కడా కారిన మరక లేదు. "సార్, కారకుండ తగ్గిందంటే ఇంజనే తాగుతున్నట్టు" అన్నడు. ఈ బండికి క్రాంక్ కుడి కొసన క్లచ్ ఉంటది. ఆ వైపు ఆయిల్ సీల్ గట్టిపడి పగిలితే, గేర్‌బాక్సు ఆయిల్‌ను ఇంజన్ లోపలికి గుంజుకొని కాలుస్తది. పొగ అక్కడిది. పిస్టన్ బేకసూర్.

ఇంజన్ దించి, బోర్లేసి, కేసును పైది కిందది వేరు చేసిండు. లోపలి గేర్లు, వాషర్లు, సర్క్లిప్పులు తీసింది తీసినట్టు పాత అఖ్బార్ మీద వరుసగా పరిచి, పక్కన నంబర్లు రాసుకున్నడు. రెండో గేరు పక్కనుండే 'డాగ్' పళ్ల అంచులు గుండ్రంగ అరిగినయి. గేరును జరిపే ఫోర్కు కొంచెం వంగింది. పట్టు దొరకకపోతే గేరు దూకక ఏం చేస్తది? ఆ పళ్ల మీద వెల్డింగ్ పోసి గ్రైండ్ చేస్తే సస్తాగ అయిపోయేది, కొన్నాళ్లు నడిచేది కూడా. వద్దన్నడు. పుత్లీబౌలికి రెండుసార్లు పోయిండు. మొదటిసారి దుకాణంల చూపించిన గేరును గోరుతో అంచు తడిమి, "ఇది కూడ అరిగిందే" అని ఉత్త చేతులతో వాపస్ వచ్చిండు. బస్సు కిరాయి కూడా నన్ను అడగలేదు.

ఇగ క్రాంక్. అది ఒకటే ముక్క కాదు, ముక్కలను ప్రెస్సుల బిగించి కలిపింది. విడగొట్టి కొత్త కనెక్టింగ్ రాడ్లు, కొత్త బేరింగులు, సీళ్లు వేసి మళ్లీ బిగించాలె. బిగించినంక లేత్ మీద తిప్పుతూ డయల్ గేజీ పెట్టి చూడాలె. మిల్లీమీటరును వంద భాగాలు చేస్తే అందులో మూడు నాలుగు భాగాల తేడా కూడా ఇంజన్‌ను వణికిస్తది. సూది ఎక్కడ ఊగుతుందో చూసి, అక్కడ ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ. మళ్లీ తిప్పుడు, మళ్లీ చూసుడు. జొహర్ నుంచి అసర్ దాకా ఆ ఒక్క పనే చేసిండు. నేను పక్కనే కూసున్న. సూది నిలబడ్డప్పుడు "అల్‌హందులిల్లా" అని చెయ్యి తుడుచుకున్నడు, అంతే. తర్వాత క్లచ్ స్టీలు ప్లేట్లను అద్దం మీద పెట్టి వంకర చూసిండు. క్లచ్ బుట్ట పళ్లకు పడ్డ గంట్లను ఆకురాయితో సాఫ్ చేసిండు. చైన్ ఒక్కటే మారిస్తే పాత పళ్లు కొత్త చైన్‌ను తింటయని ముందూ వెనకా స్ప్రాకెట్లతో సహా సెట్టే మార్చిండు.

మూడు నెలల పని. నేను బల్లో పిల్లలకు బోర్డు మీద చక్రాలు గీసి గేరు నిష్పత్తి చెప్పేటోన్ని. పదో తరగతితో చదువాపిన ఈ పిల్లగాని ముందు ఆ మూడు నెలలు షాగిర్ద్‌నయిన.

దీన్నేనా మనం 'మిస్త్రీ పని' అని ముక్కు విరిచేది?

మన జల్సాలల్ల తఖ్రీర్లు వినండి. అల్-జజరీ పేరు రాకుండ ఉండదు. 1206లో దియార్‌బకిర్‌ల యంత్రాల కితాబ్ పూర్తి చేసినోడు, గుండ్రంగ తిరిగేదాన్ని క్రాంకుతో ముందుకూ వెనక్కూ కదిలే పంపుగ మార్చినోడు అని ఛాతీ విరుచుకుంటం. నిజాంసాగర్ కట్ట మీద నిలబడి, 1923ల మొదలై 1931ల పూర్తయిన ఆ కట్టడం నవాబ్ అలీ నవాజ్ జంగ్ దిమాగ్ అని పిల్లలకు ఫఖ్ర్‌గా చూపిస్తం. లోహాన్ని మెత్తగ చేసే హునర్ దావూద్ అలైహిస్సలామ్‌కు అల్లా ఇచ్చిన నేమత్ అని మౌలానా చెప్తుంటే సుబ్‌హానల్లా అంటం. బయటికొచ్చి, అదే లోహంతో అదే క్రాంకుతో పని చేసే పిల్లగాన్ని "అరే ఛోటూ, పంచర్ దేఖ్" అని పిలుస్తం. ఎనిమిది వందల ఏండ్ల కిందటి మిస్త్రీ మీద ఫఖ్ర్, పక్క గల్లీల మిస్త్రీ మీద షరమ్. ఇది మునాఫిఖత్ కాకపోతే ఇంకేంది?

అన్నింటికన్నా పెద్ద తమాషా ఆ 'బాహర్' మాట. ఆ పిల్లగాడు ఇప్పుడు పాస్‌పోర్ట్ తీసుకున్నడు. గల్ఫ్‌కు ఏం పనికి పోతున్నడో తెలుసా? గ్యారేజీ హెల్పర్. ఇక్కడ క్రాంక్ కట్టే ఉస్తాద్ అక్కడ వేరేవాళ్లకు పానాలు అందించాలె. అక్కడి సంపాదన కూడ హలాలే, నేనేమీ అనను. మన నిజామాబాద్, కామారెడ్డి ఇండ్లల్ల ఎన్ని పొయ్యిలు ఆ పైసలతోనే వెలిగినయో నాకు తెలుసు. కానీ సౌదీల మిస్త్రీ అయితే దామాద్ ఎట్లయితడు, కామారెడ్డిల మిస్త్రీ అయితే వట్టి మిస్త్రీ ఎట్లయితడు? చేతికంటే మసి ఒక్కటే కదా!

"మాస్టర్ సాబ్, మీరు జీతం తీసుకుంటరు, మీకు పింఛన్ ఉంది, మాటలు చెప్పుడు ఆసాన్" అంటరు కొందరు. సహీ బాత్. మిస్త్రీకి పింఛన్ లేదు, సెలవు లేదు, నలభై దాటితే నడుము ఉండదు. బీబీలు బిడ్డల భవిష్యత్ గురించి డరాయించుకోవడంల తప్పు లేదు. అయితే ఆ డర్ మాట పైకి చెప్పండి. నెలకు ఎంతొస్తది, అప్పులున్నయా, నమాజు, నడవడి ఎట్ల అని అడగండి. ఆ ఇంట్ల ఇవేవీ అడగలేదు. గోళ్ల రంగు చూసి లెక్క తేల్చిండ్రు.

తప్పు రిష్తాలు చూసేటోళ్లది ఒక్కటే కాదు. ఉస్తాదులూ, మీకు కూడ చెప్పాలె. అసలు పని చూపించాల్సినప్పుడు షాగిర్ద్‌ను చాయ్ తెమ్మని పంపుడు బంద్ చేయండి. ఏండ్లు కడిగించి, తుడిపించి, ఈద్‌కు ఒక జత బట్టలిచ్చి అదే మెహర్‌బానీ అనుకోవద్దు. మజ్దూరీ ఇయ్యండి. పద్నాలుగేండ్లు నిండని పిల్లలను పనిల పెట్టుకోవద్దని 2016ల చట్టం సవరించినప్పుడే సాఫ్‌గ చెప్పింది. బడి మాన్పించి తెచ్చిన హునర్‌ల బర్కత్ ఉండదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 బండ్లు వచ్చినయి, కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. చెవితో చప్పుడు విని చెప్పే విద్యకు తోడు స్కానర్ చదివే విద్య కూడ నేర్వాలె. దానికి తాలీమ్ కావాలె. చదువు, హునర్ సవతులు కావు.

హుకూమత్ సంగతి కూడ వినండి. వాహనాల అమ్మకం, మరమ్మతు పనుల్ల ముసల్మానులు ఎక్కువని 2006ల సచార్ కమిటీయే రాసింది. 2023 సెప్టెంబరుల పీఎం విశ్వకర్మ అని చేతివృత్తులకు స్కీమ్ తెచ్చిండ్రు. అందులో 18 వృత్తులున్నయి. కమ్మరి ఉన్నడు, తాళాలు చేసేటోడు ఉన్నడు, దర్జీ ఉన్నడు. మోటార్ మిస్త్రీ లేడు. అడిగేటోడు లేకపోతే ఎట్ల ఉంటడు? మన ఇండ్లల్లనే ఇజ్జత్ లేని పనికి ఢిల్లీల ఇజ్జత్ ఎక్కడ దొరుకుతది?

చివరికి నా మాట. ఎల్లారెడ్డి నుంచి వాపస్ వచ్చిన రాత్రి ఇంట్ల ఈ గుస్సా అంతా వెళ్లగక్కిన. బీవీ అంతా విని ఒకటే అడిగింది: "అప్నీ బచ్చీ కు దేతే క్యా?" నా నోరు పడిపోయింది. మా బిడ్డ ఇంటర్ చదువుతుంది, ఇంకా షాదీ మాట లేదు. కానీ నేను చుప్ అయింది ఆమె ఉమర్ గురించి కాదు. డాక్టర్, ఇంజనీర్, సాఫ్ట్‌వేర్ అని నా దిల్‌ల కూడ ఒక లిస్ట్ ఉంది, అందులో మిస్త్రీ లేడు. ఆ ఇంటాయన నోటితో అన్నది నేను దిల్‌ల దాచుకున్న, అంతే ఫరక్.

అందుకే ఇది ముందు నా మీద రాసుకున్నదే. రేపు మా బిడ్డకు రిష్తాలు వచ్చినప్పుడు మొదటి మాట ఆమెనే అడుగుత. 'మిస్త్రీ' అనే ఒక్క మాటతో మాత్రం మా ఇంటి దర్వాజా మూయను. మా చిన్నోడు ఆదివారాలు షెడ్డుకు పోత అని నిరుడు అడిగితే తిట్టి కూసోబెట్టిన. ఈ ఆదివారం నేనే తీసుకపోయిన. రెండు గంటలల్ల వాడు నేర్చింది పానా సైజులే. సాయంత్రం నల్లటి చేతులతో ఇంటికొస్తే, పొరుగింటామె "హాయ్ అల్లా, మాస్టర్ కొడుకుకు ఇదేం గతి" అన్నది. బీవీ నవ్వి సబ్బు అందించింది.

ఆ పిల్లగానికి వచ్చే నెల వీసా మెడికల్ ఉంది. వాళ్లమ్మ ఇంకా నన్నే అడుగుతుంది, ఇంకో ఇల్లు చూడమని. చూస్తున్న. కామారెడ్డి, లింగంపేట, ఎల్లారెడ్డి, ఎక్కడైనా సరే, పిల్లగాని సంపాదన, అఖ్లాఖ్ అడిగి హా అనో నా అనో చెప్పే ఇల్లు ఒక్కటుంటే నాకు కబురు పెట్టండి. అదే బండి మీద వస్త.

ఖుదా హాఫిజ్.