రాయిని కాపాడింది ఊరే

1860లో గెర్న్‌సీ దీవిలోని సెయింట్ మార్టిన్ చర్చి పెద్ద ఒకాయనకు ఒక రాయి కంటగింపయింది. చర్చి ఆవరణలో నిలబడి ఉన్న ఆ రాయికి ఊరివాళ్లు పూలు పెడుతున్నారు, కానుకలు సమర్పించుకుంటున్నారు. ప్రభువు మందిరం ముంగిట ఈ రాతిపూజ ఏమిటని ఆయన దాన్ని రెండు ముక్కలు చేయించాడు. ఊరు ఊరుకోలేదు. గొడవకు దిగినవాళ్లు పరాయి మతస్థులేమీ కాదు, ఆదివారం ఆదివారం అదే చర్చిలో మోకరిల్లే విశ్వాసులు. చివరికి రెండు ముక్కలనూ అతికించి చర్చి గేటు దగ్గర నిలబెట్టక తప్పలేదు. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. పెళ్లయి బయటికొచ్చే జంటలు ఇప్పటికీ దాని తల మీద పూలదండ పెట్టి వెళ్తుంటారు.

దాన్ని అక్కడివాళ్లు 'శ్మశానం నాయనమ్మ' అని పిలుస్తారు. దగ్గరికెళ్లి చూస్తే ఒకే రాయిలో రెండు కాలాల ఉలిపని తెలుస్తుంది. స్త్రీ ఆకారంలో రాయిని మలిచింది నవీన శిలాయుగపు మనుషులు. నుదుటి చుట్టూ ఉంగరాల జుట్టు, కళ్లు, ముక్కు, భుజాల మీద గుండీలు పెట్టిన చిన్న పైవస్త్రం ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకు, బహుశా రోమన్ల కాలంలో, ఇంకెవరో చెక్కారు. అంటే చర్చి రాకముందే ఈ అవ్వ ఒకసారి కొత్త ముఖం పెట్టుకుంది. అదే దీవిలోని కాస్టెల్ చర్చిలో 1878లో పీఠం వైపు నేల తవ్వితే ఇలాంటిదే మరో స్త్రీమూర్తి బయటపడింది. మెడలో హారం, ఎదపై రొమ్ములు ఉన్నాయి, ముఖం మాత్రం లేదు. ఆమెను పూడ్చిపెట్టారు, ఈమెకు దండలు వేశారు. రెండూ ఒకే మతం నీడలో, చిన్న దీవిలో జరిగిన పనులే.

చరిత్రకు ముందటి నిలువురాళ్లు పాత చర్చిల పక్కన, గోడల్లో, ఒక్కోసారి నేల కింద కనిపించడం పశ్చిమ యూరప్‌లో అరుదేమీ కాదు. వీటి గురించి రెండు కథలు చలామణిలో ఉన్నాయి. చర్చి వచ్చి పాత దేవుళ్ల చోటును ఆక్రమించుకుందన్నది మొదటిది. పైకి శిలువ పెట్టినా లోలోపల పాత మతమే బతికిందన్నది రెండోది. వినడానికి రెండూ బాగుంటాయి. ఆధారాలు పట్టుకుని ఒక్కో రాయి దగ్గరికీ వెళ్తే మాత్రం రెండూ నిలవవు.

ఇంగ్లండ్‌లోని ఈస్ట్ యార్క్‌షైర్‌లో రడ్‌స్టన్ అనే ఊరుంది. అక్కడి ఆల్ సెయింట్స్ చర్చికి కొద్ది గజాల దూరంలో, సమాధుల మధ్య, 7.6 మీటర్ల ఎత్తున ఒక రాయి నిలబడి ఉంది. బ్రిటన్‌లో అంతకు మించిన నిలువురాయి లేదు. ఆ రకం రాయి ఊరి దగ్గర దొరకదు. 16 కిలోమీటర్ల అవతల, సముద్రపు ఒడ్డున ఉంటుంది. యంత్రమన్నది లేని రోజుల్లో దాదాపు 40 టన్నుల బరువును అక్కడి నుంచి లాక్కొచ్చి నిలబెట్టారంటే, ఆ పని వెనక ఎంతమంది ఉండాలి, వాళ్లను నడిపించిన నమ్మకం ఎంత గట్టిదై ఉండాలి! సైతాను చర్చి మీదికి ఈ బండ విసిరితే గురి తప్పి పక్కన పడిందని తర్వాతివాళ్లు కథ కట్టారు.

అక్కడి నార్మన్ చర్చి కట్టేనాటికి ఆ రాయి పాతి కనీసం రెండున్నర వేల ఏళ్లు దాటింది. ఈలోగా ఆ నేల మీద కంచుయుగం వచ్చి వెళ్లింది, ఇనుపయుగం వచ్చింది, రోమన్లు వచ్చారు, ఆంగ్లో-సాక్సన్లు తమ దేవుళ్లను వెంటబెట్టుకొచ్చారు. రాయిని నిలిపినవాళ్లు ఎవరు, ఏ మొక్కు కోసం నిలిపారు అని చెప్పగలిగేవాళ్లు పన్నెండో శతాబ్దానికి ఒక్కరైనా మిగిలి ఉంటారా? చర్చి ఎవరి చేతిలోంచి ఆ చోటును లాక్కుందో చెప్పకుండా ఆక్రమణ అనడం తొందరపాటే. ఊళ్లో అందరికీ తెలిసిన చోటు కాబట్టి, జనం చేరే చోటు కాబట్టి పక్కనే గుడి కట్టుకుని ఉండొచ్చు. అది చాలా మామూలు కారణం. అయినా ఎక్కువ నమ్మదగ్గది అదే.

క్రైస్తవ మతపెద్దలు ఈ రాళ్లను ప్రేమించారని కాదు. 567లో టూర్ నగరంలో కూడిన మతసభ రాళ్ల దగ్గర ఆరాధనలు చేసేవాళ్లను ఖండించింది. 789లో షార్లమేన్ చక్రవర్తి జారీచేసిన శాసనం చెట్లు, రాళ్లు, ఊటల దగ్గర జరిగే ఆచారాలను నిర్మూలించమంది. ఒకే మాటను అన్ని తరాలు తిప్పితిప్పి చెప్పాల్సి వచ్చిందంటే జనం వినలేదనే లెక్క. ఇంకోపక్క 601లో పోప్ గ్రెగరీ మతప్రచారానికి బ్రిటన్ వెళ్తున్న మెల్లిటస్‌కు రాసిన ఉత్తరముంది. ఆలయాలను పడగొట్టొద్దు, విగ్రహాలను తీసేసి, తీర్థం చల్లి, అక్కడే ప్రార్థనలు జరపండి అని ఆయన సలహా. నిలువురాళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ ఉత్తరాన్ని ముందుకు తోస్తారు. అందులో ఉన్నది ఆలయాల సంగతే, నిలువురాళ్ల ఊసు లేదు. ఊరి రాయిని ఏం చేయాలన్నది రోమ్ నుంచి వచ్చిన ఆజ్ఞతో తేలలేదు. ఆ ఊరి పూజారి, ఆ ఊరి రైతులు తేల్చుకున్నారు.

ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి వెళ్తే ఈ తేల్చుకోవడం ఎంత బాహాటంగా జరిగిందో కనిపిస్తుంది. ప్లూమెర్-బోదూ దగ్గరి సెయింట్ ఉజెక్ రాయి దాదాపు 7 మీటర్ల ఎత్తుంటుంది. 1674లో దాని కొసను శిలువగా చెక్కారు. శిలువ కింద సూర్యుడు, చంద్రుడు, కోడిపుంజు, ప్రార్థిస్తున్న మరియమ్మ, క్రీస్తును హింసించిన పనిముట్లు. ఆ కింది భాగాన్ని మాత్రం ఉలి తాకలేదు, వేల ఏళ్ల కిందట ఎలా పాతారో అలాగే ఉంది. చెక్కకుండా కూల్చేసి ఉంటే ఎవరడిగేవారు?

బ్రిటనీలోనే ల్యు వ్యూ-మార్షె ఊరి దగ్గర సప్త సాధువుల ప్రార్థనాలయం ఉంది. 1703 నుంచి 1714 వరకు కట్టిన ఆ మందిరం కింద రాక్షసగూడు, అంటే పెద్ద బండలతో కట్టిన ప్రాచీన సమాధి, ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. మందిరంలో ఒక పక్క భాగం దాని బండల మీదే లేచింది. ఇక్కడ కొలిచేది ఎఫెసస్ గుహలో ఏళ్ల తరబడి నిద్రపోయి లేచిన ఏడుగురిని. ఖురాన్‌లోని గుహ అధ్యాయంలోనూ వాళ్ల కథ ఉంది. ఆ పోలిక పట్టుకుని 1954లో ఇస్లాం పండితుడు లూయీ మాసిన్యోఁ ఇక్కడి వార్షిక యాత్రకు ముస్లింలను ఆహ్వానించాడు. ఆనాటి నుంచి జులైలో రెండు మతాలవాళ్లూ అక్కడ కలుస్తున్నారు. శిలాయుగపు సమాధి మీద కట్టిన క్యాథలిక్ మందిరంలో ఖురాన్ కథ వినిపించడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన ఘట్టం. దానికి రావలసినంత పేరు రాలేదు.

స్పెయిన్‌లోని కాంగాస్ దె ఓనిస్‌లో 737లో ఫావిలా రాజు కట్టించిన శిలువ మందిరం కూడా ఒక రాక్షసగూడు మీదే ఉంది. 1936లో అంతర్యుద్ధం మొదలయ్యాక మందిరం నాశనమైంది, తర్వాత మళ్లీ కట్టారు. ఇప్పుడు నేలలో వదిలిన ఖాళీలోంచి కిందికి చూస్తే బండలు కనిపిస్తాయి. పోర్చుగల్‌లోని పావియాలోనైతే రాక్షసగూటికే తలుపు పెట్టి మందిరం చేసుకున్నారు.

ఆదరణ తప్పిన చోట ఏం జరిగిందో ఏవ్‌బరీ చెబుతుంది. ఇంగ్లండ్‌లోని ఆ మహా శిలావలయంలో చాలా రాళ్లను పద్నాలుగో శతాబ్దంలో గోతులు తీసి పూడ్చారు. 1938లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కీలర్ తవ్వించినప్పుడు ఒక రాయి దగ్గర అస్థిపంజరం, దాంతోపాటు కత్తెర, ఆనాటి నాణేలు దొరికాయి. పూడ్చిన రాళ్లు ఎంతో నయం, మళ్లీ పైకి తీసి నిలబెట్టగలిగారు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో రాయి చుట్టూ మంటపెట్టి, కాగిన బండ మీద చన్నీళ్లు పోసి పగలగొట్టి ఇళ్లు కట్టుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దపు పురాతత్వ పరిశోధకుడు విలియం స్టూక్లీ ఆ విధ్వంసాన్ని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆ ముక్కలకు తిరుగుదారి లేదు. మతద్వేషం కన్నా రాళ్ల గిరాకీయే ఎక్కువ నష్టం చేసింది.

ఇంకోవైపు, చర్చి దగ్గర పెద్ద రాళ్లు కనబడగానే ప్రాచీనమని నమ్మేయకుండా జాగ్రత్త కూడా అవసరం. వేల్స్‌లోని యిస్‌బిటీ కన్‌విన్ చర్చి ప్రహరీలో పెద్ద రాళ్లున్నాయి. శిలావలయం మధ్యలో కట్టిన చర్చి అని దాన్ని పుస్తకాల్లో చాలాకాలం చూపించారు. 1979లో పురావస్తు పరిశోధకుడు స్టీఫెన్ బ్రిగ్స్ పరిశీలించి ఆ వలయం నమ్మదగ్గది కాదని తేల్చాడు. అక్కడ నిజంగా ప్రాచీనమైనది మహా అయితే ఒక్క పెద్దరాయి. స్కాట్లండ్‌లోని మిడ్‌మార్‌లో సమాధుల మధ్య అసలైన శిలావలయమే ఉంది. కానీ చర్చి కట్టింది 1787లో, వలయం చుట్టూ శ్మశానం ఏర్పరిచింది 1914లో. ఆ దృశ్యం చూసి ఆదిమ క్రైస్తవం గురించి ఊహించుకుంటే తప్పు.

ఇలాంటి తప్పు తెలుగునేల మీదా జరిగింది. ఇప్పటి ములుగు జిల్లాలోని కాటాపురం, మల్లూరు పరిసర అడవుల్లో పాత సమాధుల దగ్గర ఒకే బండలో మలిచిన, శిలువను పోలిన నిలువురాళ్లున్నాయి. 1868లో ముల్హెరన్ అనే ఆయన వాటి గురించి లోకానికి తెలిపాడు. 1872లో వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ తన గ్రంథంలో వాటిని చర్చిస్తూ క్రైస్తవుల పనిగా భావించాడు. శిలువ ఆకారం కనిపించేసరికి పెద్ద పండితుడు కూడా అంత దూరం వెళ్లాడు. అవి ఇనుపయుగపు సమాధుల దగ్గర నిలిపిన మనిషి బొమ్మలన్నది తర్వాతి పురావస్తు పరిశోధకుల మాట. ఫెర్గుసన్ శిలువ చేతులనుకున్నవి ఆ బొమ్మల భుజాలు.

ఇవాళ మన దేశంలో ఒక కట్టడం కింద మరో కట్టడం ఉందంటే అదే దస్తావేజు అన్నట్టు వాదనలు నడుస్తున్నాయి. యూరప్ రాళ్లనూ ఆ వాదనలోకి లాగేవాళ్లున్నారు. ఆ రాళ్లు అందుకు పనికిరావు. గెర్న్‌సీ అవ్వను వాటాలేసి పంచుకుందామన్నా శిలాయుగం, రోమన్ కాలం, క్రైస్తవం మూడూ ఒకే రాయిలో ఉన్నాయి. ఎవరు ముందు అన్నది చరిత్రకారుడికి అవసరమైన ప్రశ్న. ఎవరిది అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఈ రాళ్లు మనదాకా వచ్చాయంటే, వాటిని మొదట నిలిపినవాళ్ల వారసులమని చెప్పుకోని మనుషులు కూడా వాటికి చోటిచ్చారు కాబట్టే.

అందుకే నారాయణపేట జిల్లా ముడుమాల్ విషయంలో తెలంగాణ ప్రభుత్వానికి, పురావస్తు అధికారులకు ఒక మాట. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అది గర్వించదగ్గ సంగతి. అక్కడి జనం వాటిని నిలురాళ్ల తిమ్మప్ప అంటారు, ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. రేపు కంచెలు, టికెట్ గదులు, దారులు వస్తాయి. రాళ్లకు హద్దులు వేసి, పొలాలకోసం పీకేయకుండా చూడాల్సిందే. ఆ పనిలో ఎల్లమ్మకు పసుపు, కుంకుమ పెట్టే చేతులను గేటు బయట నిలబెట్టొద్దు. ఆ పూజ ఎప్పుడు, ఎవరు, ఎలా చేస్తారో ఇప్పుడే రాసి భద్రపరచండి. రక్షణ ప్రణాళిక తయారుచేసే సంఘంలో ముడుమాల్ గ్రామస్థులకు చోటివ్వండి.